పాత బోటుకు కొత్త వేగం: లెక్కలో ఇంజన్ ఆఖరి పద్దు

2018 నవంబర్ 16 నుంచి 18 వరకు ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణా నదిలో ఎఫ్1హెచ్2ఓ పవర్‌బోటు పందేలు జరిగాయి. గంటకు 200 కిలోమీటర్లు దాటి దూసుకుపోయే బోట్లను తెలుగువాళ్లు సొంత నీళ్లలో చూడటం అదే మొదలు. చూసినవాళ్లలో చాలామందికి గుర్తుండిపోయిన అంకె ఒకటే: ఇంజన్ 400 హెచ్‌పీ. దాని పక్కనుండే రెండో అంకెను పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ బోటు బరువు ఇంజన్‌తో కలిపి సుమారు 390 కిలోలు. అంటే ఒక్కో కిలోకు ఒక హెచ్‌పీ. పైగా అడుగున రెండు పక్కలా నీటిపై తేలే రెండు పొడవాటి భాగాలు, మధ్యలో గాలి దూరే సొరంగం ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ ఆ గాలే బోటును పైకెత్తుతుంది. అప్పుడు నీటిని తాకేది వెనుక కొసా, ప్రొపెల్లరూ మాత్రమే. ఆ ఇంజన్‌ను అలాగే తెచ్చి మన చెరువులో తిరిగే ఫైబర్ బోటుకు బిగిస్తే 200 రాదు, అంతకన్నా ముందే ఇంజన్ బిగించిన వెనుక గోడ విరుగుతుంది.

పాత బోటుకు పెద్ద ఇంజన్ వేస్తే ఎంత వేగం పెరుగుతుందని జహీరాబాద్ వైపు అడగడం వింతేమీ కాదు. ఇది ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు. హెచ్‌పీ అంటే ఏమిటో, ఆర్‌పీఎం అంటే ఏమిటో రైతు దగ్గర్నుంచి మెకానిక్ దాకా అందరికీ తెలుసు. పక్కనే మంజీర పారుతోంది, దాని మీద దాదాపు 30 టీఎంసీల సింగూరు రిజర్వాయరు ఉంది. చేపల బోట్లు, విహారానికి వాడే బోట్లు, వరదలప్పుడు అధికారులు దింపే బోట్లు, ఇలా అన్ని రకాలకూ ఇక్కడ పని ఉంది. వాటిలో పాతబడ్డవే ఎక్కువ. అందుకే ఈ విషయాన్ని మొదట్నుంచీ ఒకసారి చూడటం అవసరం. నా తీర్పు ముందే చెప్పేస్తాను: వేగం కోసం పాత బోటు మీద పెట్టే ఖర్చులో మొదటి రూపాయి బరువు మీద, రెండోది ప్రొపెల్లర్ మీద, ఆఖరిది ఇంజన్ మీద పెట్టాలి. మనవాళ్లు ఎక్కువగా చేసేది దీనికి తలకిందులు.

అన్నిటికన్నా ముందు బోటు అడుగు చూడాలి. నీటిని చీల్చుకుంటూ, తోసుకుంటూ పోయే అడుగు ఒక రకం. గోదావరి లాంచీలు, మరబోట్లు దాదాపు అన్నీ ఈ కోవలోవే. వేగం అందుకోగానే నీటి మీదికి లేచి జారిపోయే అడుగు రెండో రకం. స్పీడుబోట్లు ఇలాంటివి. మొదటి రకానికి ప్రకృతి ఒక గీత గీసి పెట్టింది. 19వ శతాబ్దపు ఇంగ్లిష్ ఇంజనీరు విలియం ఫ్రౌడ్ పరిశోధనల నుంచి వచ్చిన లెక్క ఇది: బోటు నీటిలో మునిగివుండే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో వేగం వస్తుంది. 30 అడుగుల బోటుకు అది 7.3 నాట్లు, అంటే గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు. 60 అడుగుల లాంచీకి 19 కిలోమీటర్లు. ఆ వేగం దగ్గర బోటు ముందు లేచే అలకూ వెనుక లేచే అలకూ మధ్య దూరం బోటు పొడవంత అవుతుంది. బోటు తాను సృష్టించిన అల మీదికే ఎక్కాల్సిన పరిస్థితి వస్తుంది. అక్కడ ఇంజన్ రెట్టింపు చేసినా వెనుక భాగం కుంగుతుంది, ముక్కు లేస్తుంది, పొగగొట్టం నల్లగా కక్కుతుంది. వేగం మాత్రం ఒకటి రెండు కిలోమీటర్లకు మించి కదలదు.

ఆ గీతకు ఇవతల కూడా లెక్క కఠినంగానే ఉంటుంది. ఈ రకం బోటులో వేగం పెంచాలంటే శక్తి కనీసం ఆ నిష్పత్తికి మూడో ఘాతంలో పెరగాలి. 8 నాట్ల నుంచి 9 నాట్లకు పోవడానికే 40 శాతం పైగా ఎక్కువ శక్తి కావాలి, డీజిలూ ఆ మేరకు తాగుతుంది. బంగాళాఖాతం తీరంలో చిన్న బోట్ల మీద పనిచేసిన నార్వే నౌకా శిల్పి గుల్‌బ్రాండ్సెన్ మత్స్యకారుల కోసం రాసిన చిన్న పుస్తకాల్లో పదేపదే చెప్పిందీ ఇదే: ఇంధనం మిగలాలంటే వేగం కాస్త తగ్గించడాన్ని మించిన మార్గం లేదు. రేవు చేరడంలో పది నిమిషాల తేడా కోసం లీటర్ల కొద్దీ డీజిలు పోస్తున్న సరంగులకు ఈ లెక్క ఇప్పటికీ చేరలేదు.

రెండో రకం బోటు దగ్గర ఆశకు చోటుంది. నీటి మీదికి లేచాక అలల గీత దాటిపోయినట్టే. అక్కడ వేగాన్ని తేల్చేది బరువుకూ శక్తికీ ఉన్న నిష్పత్తి. ‘బేబీ బూట్‌లెగర్’ అనే 1924 నాటి ప్రసిద్ధ పందెపు బోటును రూపొందించిన అమెరికన్ జార్జ్ క్రౌచ్ దీనికి ఒక సూత్రం ఇచ్చాడు. బోటు మొత్తం బరువును పౌన్లలో తీసుకుని హెచ్‌పీతో భాగించాలి. దాని వర్గమూలంతో 150ని భాగిస్తే గంటకు మైళ్లు వస్తాయి. 150 అనేది మామూలు స్పీడుబోటుకు వాడే అంకె. మనుషులు, ఇంధనం, సామాను అన్నీ కలిపి 900 కిలోలున్న బోటుకు 50 హెచ్‌పీ ఇంజన్ ఉందనుకుందాం. లెక్క ప్రకారం గంటకు 38 కిలోమీటర్లు వస్తుంది. దాన్ని తీసేసి, 60 కిలోలు ఎక్కువ బరువుండే 90 హెచ్‌పీ ఇంజన్ వేస్తే దాదాపు 50 వస్తుంది. శక్తి 80 శాతం పెంచితే పెరిగిన వేగం 30 శాతం. ఇప్పుడు ఇంజన్ ముట్టుకోకుండా బోటులోంచి 150 కిలోలు తగ్గించండి. వేగం 42 అవుతుంది. పైసా డీజిలు, పైసా పెట్రోలు ఎక్కువ కాకుండా వచ్చిన 4 కిలోమీటర్లు అవి.

150 కిలోలు ఎక్కడినుంచి తీస్తామని అడగొచ్చు. పదిహేను, ఇరవై ఏళ్ల ఫైబర్ బోటులో అంత బరువు దొరకడం అరుదు కాదు. మునగకుండా ఉండటానికి ఫ్లోరు కింద నింపిన ఫోము ఏళ్ల తరబడి నీరు పీల్చుకుని ఉంటుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. బోటును ఒడ్డుకు లాగి వారం ఎండబెట్టినా అది ఆరదు. దీనికి జహీరాబాద్‌లో మంచి ఉపాయం ఉంది. బోటును ట్రాలీ మీద ఎక్కించి, చెరకు బండ్లు తూచే ధర్మకాంట మీదికి తీసుకెళ్లండి. ఖాళీ ట్రాలీ బరువు తీసేస్తే అసలు సంగతి బయటపడుతుంది. కొత్తప్పుడు కంపెనీ చెప్పిన బరువుకన్నా 100 కిలోలు ఎక్కువ తేలితే ఇంజన్ సంగతి పక్కన పెట్టి ఫ్లోరు కోయించాలి. తడిసిన ఫోము తవ్వి తీసి, కొత్తది పోయించి, ఫైబర్ వేయించడం మురికి పనే. ఒళ్లంతా దురద పుడుతుంది, మాస్కు లేకుండా దిగకూడదు. అయినా కొత్త ఇంజన్‌తో పోలిస్తే వేగానికి ఇది చవకైన దారి.

ఫ్లోరు తర్వాత వెనుక గోడ చూడాలి. అవుట్‌బోర్డు ఇంజన్ మొత్తం బరువూ, అది తోసే తోపూ ఆ గోడ మీదే పడతాయి. పాత బోట్లలో దాని లోపల రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. ఇంజన్ బోల్టుల రంధ్రాల చుట్టూ వేసిన సీలు ఎప్పుడో పగిలి, నీరు చెక్కలోకి దిగి ఉంటుంది. సుత్తి పిడితో గోడంతా తట్టుకుంటూ పోండి. గట్టి చెక్క ఉన్నచోట శబ్దం కణకణమంటుంది, పుచ్చినచోట మెత్తగా పలుకుతుంది. అనుమానం వస్తే లోపలివైపు, బోల్టుల కింద సన్నటి డ్రిల్లు బిట్టుతో చిన్న రంధ్రం వేయించండి. బిట్టుతోపాటు పొడిగా, లేత రంగులో చెక్కపొట్టు వస్తే పర్వాలేదు. నల్లగా, తడిగా, కుళ్లు వాసనతో ముద్ద వస్తే ఆ గోడ ఇప్పుడున్న ఇంజన్‌నే మోయలేని దశలో ఉంది. దాని మీద 90 హెచ్‌పీ పెట్టడం ప్రాణాలతో చెలగాటం.

గోడ బాగుంటే దాని మీద ఎంత హెచ్‌పీ పెట్టొచ్చు? అమెరికాలో 20 అడుగుల లోపు అవుట్‌బోర్డు బోట్లకు గరిష్ఠ హెచ్‌పీ, మనుషుల సంఖ్య రాసిన రేకు బోటు లోపల బిగించి ఉండాలని నిబంధన ఉంది. అక్కడి లెక్క మనకూ పనికొస్తుంది. బోటు పొడవును వెనుక గోడ వెడల్పుతో అడుగుల్లో గుణించాలి. 16 అడుగుల పొడవు, 5 అడుగుల గోడ ఉంటే 80. స్టీరింగ్ ముందు ఉండి, గోడ ఎత్తు కనీసం 20 అంగుళాలుంటే ఆ 80ని రెట్టించి 90 తీసేయాలి. 70 హెచ్‌పీ దాకా పెట్టొచ్చు. స్టీరింగ్ లేకుండా ఇంజన్ పిడి చేత్తో పట్టుకుని నడిపే బోటయితే 40 దగ్గరే ఆగాలి. బల్లపరుపు అడుగు ఉంటే ఇంకా తగ్గుతుంది. ఒకే పొడవు, ఒకే వెడల్పు ఉన్నా నడిపేవాడు ఎక్కడ కూర్చున్నాడన్నదాన్ని బట్టి ఇంత తేడా ఉందంటే, వేగంలో మలుపు తిప్పేటప్పుడు పిడి చేతిలోంచి జారితే ఏమవుతుందో ఆ నిబంధన రాసినవాళ్లు ఆలోచించారన్నమాట.

ఇక ప్రొపెల్లర్. ట్రాక్టర్ నడిపినవాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. దుక్కి దున్నేటప్పుడు ఒక గేరు, రోడ్డు మీద ఒక గేరు వేస్తాం. ముందుకు పోయే బోటుకు ఉన్నది ఒక్కటే గేరు. అది ఏ గేరన్నది ప్రొపెల్లర్ పిచ్ నిర్ణయిస్తుంది. ఒక చుట్టు తిరిగితే జారుడు లేకుండా ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో అదే పిచ్. పిచ్ మరీ ఎక్కువైతే బరువైన ట్రాలీని టాప్ గేరులో లాగించినట్టే. ఇంజన్ మూలుగుతుంది, ఆర్‌పీఎం ఎక్కదు, లోపల కార్బన్ పేరుకుంటుంది. మరీ తక్కువైతే ఇంజన్ అరుస్తుంది కానీ బోటు పోదు. కంపెనీ పుస్తకంలో ఫుల్ థ్రాటిల్‌కు ఉండాల్సిన ఆర్‌పీఎం రాసి ఉంటుంది. 5,000 నుంచి 6,000 అని ఉంటే, రోజూ వేసే లోడుతో, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఆ మధ్యలో పై కొసకు దగ్గరగా రావాలి. రాకపోతే పిచ్ మార్చాలి. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది.

ఫోనులో ఉండే జీపీఎస్‌తోనే మరో పరీక్ష చేయొచ్చు. ఇంజన్ 5,500 ఆర్‌పీఎం, గేరు నిష్పత్తి 2, పిచ్ 15 అంగుళాలు అనుకుందాం. ప్రొపెల్లర్ నిమిషానికి 2,750 చుట్లు తిరుగుతుంది. జారుడే లేకపోతే గంటకు 63 కిలోమీటర్లు పోవాలి. నీళ్లలో 10 నుంచి 15 శాతం జారుడు మామూలే కాబట్టి 53 వస్తే ప్రొపెల్లర్ బాగున్నట్టు. జీపీఎస్ 40 చూపిస్తే జారుడు మూడో వంతు దాటినట్టు. అప్పుడు రెక్కల అంచులు చేత్తో తడిమి చూడండి. వంకర్లు, రాయి తగిలిన గంట్లు, ఒక రెక్కకూ మరో రెక్కకూ తేడా, లోపలి రబ్బరు బుష్ జారడం, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. ఇంజన్ ఎత్తు కూడా చూడాలి. ప్రొపెల్లర్ పైన ఉండే బల్లపరుపు రేకు బోటు అడుగుకు సమానంగానో, కాస్త పైనో ఉండాలి. కిందికి ఉంటే ఇంజన్ కాలు నీళ్లలో అడ్డం పడి వేగాన్ని తినేస్తుంది. ఇంజన్‌ను ఒక్క రంధ్రం పైకి బిగిస్తే చాలా పాత బోట్లు కళ్ల ముందే వేగం అందుకుంటాయి. ఖర్చు స్పానరు, అరగంట సమయం.

స్టీలు ప్రొపెల్లర్ వేస్తే వేగం పెరుగుతుందన్న మాట నిజమే. రెక్క పలచగా ఉంటుంది, ఒత్తిడికి వంగదు. కానీ సింగూరు లాంటి జలాశయంలో, నీళ్లు తగ్గినప్పుడు ముంపు చెట్ల మొదళ్లు, బండలు అడుగున కాచుకుని ఉంటాయి. అల్యూమినియం రెక్క తగిలితే రెక్క వంగుతుంది, స్టీలు రెక్క తగిలితే దెబ్బ గేరుబాక్సు దాకా పోతుంది. ఈ వైపు నీళ్లలో అల్యూమినియమే నయం.

డ్రైవు సంగతికొస్తే, పాత బోట్లలో మూడు రకాలు తగులుతాయి. ఇంజన్ లోపల ఉండి షాఫ్టు అడుగులోంచి బయటికి వచ్చేది పాతకాలపు పద్ధతి. ఇంజన్ లోపల, గేరు కాలు బయట ఉండేది స్టెర్న్‌డ్రైవ్. వోల్వో పెంటా 1959లో ‘ఆక్వామాటిక్’ పేరుతో దీన్ని అమ్మకానికి తెచ్చాక విహార బోట్లలో పెద్ద మార్పు వచ్చింది. మూడోది అవుట్‌బోర్డు. పాత స్టెర్న్‌డ్రైవ్ బోటు కొనేవాళ్లు ఇంజన్ చప్పుడు విని మురిసిపోయేముందు వెనుక గోడ దగ్గరుండే రబ్బరు గొట్టాన్ని వేళ్లతో వంచి చూడాలి. మడతల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తే ఆ బోటు రేవులో కట్టేసి ఉండగానే మునిగే ప్రమాదం ఉంది. షాఫ్టు బోటుకు ఇంజన్ మారిస్తే ఇంజనూ షాఫ్టూ ఒకే గీత మీద ఉండాలి. 4 అంగుళాల కప్లింగు రెండు ముఖాల మధ్య సందు చుట్టూ ఫీలర్ గేజి పెట్టి చూస్తే 0.1 మిల్లీమీటరుకు మించి తేడా ఉండకూడదు. అది కూడా బోటు నీళ్లలో దిగాకే చూడాలి. ఒడ్డున సరిచూసిన గీత నీళ్లలో మారిపోతుంది.

మన తీరానికి సరిపడే డ్రైవు కోసం నిజమైన కృషి 1979లో మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం కింద జరిగింది. అలలు విరిగే ఒడ్డున బోటు ఆనుతుంటే ప్రొపెల్లర్ ఇసుకలో దిగబడేది. దానికి విరుగుడుగా చిన్న డీజిలు ఇంజన్‌నూ షాఫ్టునూ ఒకే పెట్టెలో అమర్చి, ఒడ్డు దగ్గరపడగానే మొత్తం పైకి లేపే ఏర్పాటు చేశారు. ఆ ఇంజన్లు పది హెచ్‌పీ లోపువే. వేగం వాళ్ల లక్ష్యం కాదు, తిరిగి క్షేమంగా ఒడ్డెక్కడం లక్ష్యం. ఇంజన్ కన్నా ముందు నీటినీ ఒడ్డునూ చదివిన పని అది. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే ఉదాహరణ అదే.

జహీరాబాద్‌లో తప్పక వచ్చే మరో ప్రశ్న: ట్రాక్టర్ ఇంజన్ బోటుకు వేయొచ్చా? నెమ్మదిగా నడిచే లాంచీకి వేయొచ్చు. గంటల తరబడి ఫుల్ లోడు మీద పనిచేసే ఓర్పు ఆ ఇంజన్‌కు ఉంది, 2,000 ఆర్‌పీఎం దగ్గరే బలంగా లాగుతుంది. అయితే రేడియేటరు స్థానంలో హీట్ ఎక్స్‌ఛేంజరు, ఎగ్జాస్టుకు నీటి చల్లదనం, వాలు మీద కూర్చున్నా ఆయిలు అందే సంపు, బోటు గేరుబాక్సు, ఇవన్నీ కావాలి. స్పీడుబోటుకు మాత్రం అది పనికిరాదు. అంత ఇనుము మోస్తూ బోటు నీటి మీదికి లేవదు. పాత కారు పెట్రోలు ఇంజన్ వేయడం ఇంకా ప్రమాదం. బోటు అడుగున పేరుకునే పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బయటికి పోదు. బోట్ల కోసం చేసిన స్టార్టరు, ఆల్టర్నేటరు నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి ఉంటాయి. కారువి అలా ఉండవు. పేలడానికి ఒక్క సెల్ఫ్ కొడితే చాలు.

ఇంజన్ మార్చక తప్పదనుకుంటే టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అన్నది తేల్చుకోవాలి. పాత కార్బురేటర్ టూ స్ట్రోక్ తేలిక, పికప్ బాగుంటుంది, రిపేరు ఎవరైనా చేస్తారు. కానీ తాగిన ఇంధనంలో పావు వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, కాలకుండానే ఆయిలుతో కలిసి నీళ్లలోకి వదులుతుంది. అమెరికాలో లేక్ టాహో జలాలు చెడిపోతున్నాయని 1999లోనే అక్కడ అలాంటి ఇంజన్లను నిషేధించారు. సింగూరు, మంజీర నీళ్లు హైదరాబాద్ తాగునీటికి పోతాయి. కింద మంజీర అభయారణ్యంలో మొసళ్లున్నాయి, వలస పక్షులు వస్తాయి. ఈ నీళ్లలో కార్బురేటర్ టూ స్ట్రోకుకు చోటు ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఫోర్ స్ట్రోకు బరువు కొంత ఎక్కువే. ఆ బరువును ముందే చెప్పినట్టు ఫ్లోరు కిందినుంచి తీయండి.

వేగం ఎవరికి కావాలన్నది ఆఖరున అడగాల్సింది కాదు, మొదటే అడగాల్సింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి ప్రవాహంలో గంటకు 12 కిలోమీటర్ల బోటు ఎదురెక్కలేదు. సహాయక బోటుకు మిగులు శక్తి కావాలి, అందులో సందేహం లేదు. అదే బోటు వీధుల్లో దూరితే నీటిలో మనుషులు, తీగలు, మునిగిన బండ్లు ఉంటాయి. అక్కడ ప్రొపెల్లర్ చుట్టూ కంచె ఉండాలి. లేదా న్యూజిలాండ్‌కు చెందిన బిల్ హామిల్టన్ 1950లలో లోతు తక్కువ నదుల కోసం తీర్చిదిద్దిన జెట్ లాంటిది ఉండాలి. జెట్ ఇంధనం ఎక్కువ తాగుతుంది, కానీ నీటిలో ఉన్న మనిషి కాలు తెగదు.

విహార బోటుకు మాత్రం వేగం దేనికో నాకు అర్థం కాదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో అనుమతి లేని బోటు బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో లాంచీ మునిగి 50 మంది దాకా ప్రాణాలు పోయాయి. ఎంతమందిని ఎక్కించాలి, ఏ ప్రవాహంలో బోటు దింపకూడదు, లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉందా అన్నవే అక్కడి ప్రశ్నలు. కేరళలో 2017 నుంచి వైకం దగ్గర తిరుగుతున్న ‘ఆదిత్య’ సౌర బోటు 75 మందిని రెండు 20 కిలోవాట్ల మోటార్లతోనే నడిపిస్తోంది. సింగూరు విహారానికి ఆదర్శంగా తీసుకోవాల్సింది దాన్నే.

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం, బోటు బలం మీద, స్థిరత్వం మీద, భద్రత మీద ప్రభావం చూపే మార్పులకు ముందస్తు అనుమతి ఉండాలి. ఇంజన్ మార్పు అచ్చంగా అలాంటిదే. అనుమతి లేకుండా మార్చిన బోటుకు సర్వే పత్రం, బీమా చిక్కుల్లో పడతాయి. చాలామంది యజమానులు దీన్ని కాగితాల బెడద అనుకుంటారు. సరైన సర్వేయరు ఒక్కసారి బోటెక్కితే మీ మెకానిక్ చూడని రెండు లోపాలైనా పట్టిస్తాడు. ఆ ఫీజు దండగ కాదు.

ఈ వేసవిలో సింగూరు నీళ్లు తగ్గి బోట్లు ఒడ్డెక్కినప్పుడు, యజమానులారా, కొత్త ఇంజన్ కొటేషన్ అడగకముందే ధర్మకాంట చీటీ తెచ్చుకోండి, వెనుక గోడ తట్టి చూడండి, ప్రొపెల్లర్ మీద అంకె చదవండి. మత్స్యశాఖ, పర్యాటక శాఖ అధికారులకు ఒక విన్నపం: జిల్లాలో తిరిగే ప్రతి ఇంజన్ బోటుకూ లోపల, ఎక్కేవాళ్లకు కనిపించేలా, గరిష్ఠ హెచ్‌పీ, గరిష్ఠ మనుషుల సంఖ్య తెలుగులో రాసిన రేకు బిగించండి.